ఆ జబ్బుకి తల్లులు పెట్టిన పేరు

మా అమ్మమ్మది తమిళం. తల్లికి మళ్ళీ కడుపొచ్చి, పాలు మానిపించేస్తే నీరసించిపోయే పెద్దబిడ్డని ఆవిడ సవలైపిళ్ళై అంటుంది. ఇంచుమించు ఇలాంటి మాటే ఆఫ్రికాలో ఒకటుంది. దాన్ని వైద్య పుస్తకాల్లోకి తెచ్చిన డాక్టరు సిసిలీ విలియమ్స్.

ఆమె 1893లో జమైకాలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మగపిల్లలు వెళ్ళిపోవడంతో ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యం చదవడానికి ఈమెకి చోటు దొరికింది. 1929లో గోల్డ్ కోస్ట్‌కి, అంటే ఇప్పటి ఘనాకి, ఉద్యోగం మీద వెళ్ళారు.

అక్కడ ఏడాది దాటిన పిల్లలు కాళ్ళూ చేతులూ ఉబ్బి, చర్మం పొరలుగా ఊడి, జుట్టు రంగు మారి చనిపోతున్నారు. విటమిన్ లోపం వల్ల వచ్చే పెల్లగ్రా అని కొందరు తేల్చేశారు. ఈవిడ మాత్రం అక్కడి ఆడవాళ్ళనే అడిగారు, మీరు దీన్ని ఏమంటారని. గా భాషలో దాని పేరు క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ పుట్టాక ముందు బిడ్డకి వచ్చే జబ్బు అని అర్థం. కారణం పేరులోనే ఉంది చూడండి! తల్లిపాలు పోయాక ఆ పిల్లలకి దొరికేది మొక్కజొన్న గంజి. పొట్ట నిండుతుంది గానీ ఎదిగే ఒంటికి కావలసిన మాంసకృత్తులు అందులో చాలవు. 1933లో ఈ సంగతి రాస్తే పేరున్న నిపుణుడొకరు కొట్టిపారేశారు. ఆవిడ తగ్గలేదు, 1935లో లాన్సెట్ పత్రికలో ఆ గా పేరే శీర్షికగా పెట్టి మళ్ళీ రాశారు. (మాంసకృత్తుల లోటు ఒక్కటే కారణం కాదని ఇప్పటివాళ్ళు అంటున్నారు. పేరు మాత్రం అలాగే ఉంది.)

తర్వాత మలయా. అక్కడ నర్సుల్లా బట్టలేసుకున్న అమ్మకందార్లు బాలింతలకి తీపి డబ్బాపాలు అంటగట్టేవాళ్ళు. తల్లిపాలు ఉండగానే! 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో మాట్లాడుతూ, ఇలాంటి ప్రచారం పసిపిల్లల్ని హత్య చేయడమేనని మొహం మీదే చెప్పారు.

యుద్ధంలో జపాన్ వాళ్ళు ఆమెని చాంగీ జైల్లో పెట్టారు. అక్కడ పుట్టిన 20 మంది పిల్లలకీ తల్లిపాలే పట్టించారు, 20 మందీ బతికారు. ఆవిడకే బెరిబెరి వచ్చింది.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల విభాగానికి మొదటి అధిపతి అయ్యారు. 1992లో, 98 ఏళ్ళ వయసులో పోయారు. ఆవిడకి పిల్లలు లేరు.

ఇదంతా అమ్మమ్మకి తమిళంలో చెప్పాను. ఆ డాక్టరమ్మ మనూరికి వచ్చి అడిగినా చెప్పి ఉండేవాళ్ళమే అంది.