మట్టిగోడల మహాశిల్పి హసన్ ఫత్హీ

గది ఉడికిపోతూ ఉంటే పిల్లవాని బుద్ధి పాఠంపై నిలువదని బోధనావృత్తిలో ఉన్నవారందరూ ఎరుగుదురు. అయినను ఆ గదిని కట్టిన విధానాన్ని గూర్చి విచారించేవారు అరుదు. మార్చి నెల నడిమికి రాగానే మన తెలుగునాట ఒంటిపూట బడులు పెట్టి సరిపుచ్చుకొంటాము. గంట మార్చటం తేలిక. గోడ మార్చటం కష్టం. ఆ కష్టమైన పనికి పూనుకొన్న ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

ఆయన 1900 మార్చి 23న అలెగ్జాండ్రియాలో సంపన్న కుటుంబంలో జన్మించారు. తండ్రికి భూములున్నా పల్లెలంటే గిట్టదు. తల్లికి పల్లెలే ప్రాణం. కుమారునికి తల్లి మనసే వచ్చిందని మా అభిప్రాయం. 1926లో కైరోలో వాస్తువిద్య పూర్తిచేసిన ఫత్హీ తొలి నిర్మాణం కూడా ఒక బడియే. 1928లో తల్ఖా పట్టణంలో ఆ ప్రాథమిక పాఠశాలను పాశ్చాత్య ఫక్కీలో నిర్మించారు. కాని అక్కడి పేదల నివాసాల దుస్థితి ఆయనను కలచివేసింది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో కలప, ఉక్కు దుర్లభమైనాయి. కొయ్య లేకుండా కప్పు వేయటమెట్లా? 1941లో అస్వాన్ ప్రాంతానికి వెళ్ళిన ఫత్హీకి నూబియా తాపీపనివారు సమాధానం చూపించారు. వారు కింద ఏ ఆసరా లేకుండానే పచ్చి ఇటుకలతో వంపు కప్పులు అల్లగలరు. పట్టభద్రుడైన శిల్పి నిరక్షరాస్యుల ఎదుట శిష్యుడై నిలిచాడు.

ఆ విద్యతోనే 1940ల నడుమ లక్సర్ ఎదుట, నైలునది పడమటి గట్టున, కొత్త గుర్నా గ్రామాన్ని ఆరంభించారు. అందలి ప్రాథమిక పాఠశాలలో ఆయన చేసిన ఏర్పాటు వివరంగా చెప్పదగినది. అరబ్బులు మల్కఫ్ అనే గాలిగోపురాన్ని కప్పుపై ఎత్తుగా లేపి, దాని నోటిని గాలి వచ్చే దిక్కుకు తిప్పారు. పైన గాలి వేగము హెచ్చు, దుమ్ము తక్కువ. అట్లా పట్టిన గాలిని తడిపిన బొగ్గు నింపిన పళ్ళేల మీదుగా గదిలోనికి దింపారు. నీరు ఆవిరియగుచు వేడిని హరించును. వట్టివేళ్ళ తడికలపై నీళ్ళు చల్లుకొన్న మన పెద్దలకు ఈ కిటుకు కొత్తది కాదు. ఆ బడిలో ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గింది. విద్యుత్తు ఖర్చు లేదు.

అయితే గ్రామం సగంలోనే ఆగిపోయింది. ప్రాచీన సమాధులపై నివసిస్తూ, వాటివల్లనే బ్రతుకుతున్న ప్రజలు కదలటానికి ఒప్పుకోలేదు. వారిని దొంగలని నిందించి ఊరుకోవటం న్యాయం కాదు. జీవనాధారాన్ని వదలి చల్లని ఇంటికి పొమ్మంటే ఎవరు పోతారు? అధికారుల ఉదాసీనత సైతం తోడై 1948 నాటికి పని నిలిచింది. 1957 నుండి కొంతకాలం ఆయన ఏథెన్స్‌లో గడిపారు.

తిరిగి వచ్చిన పిదప, 1964 మార్చిలో కైరోలో వివిధ పదార్థాలతో నమూనా గదులు కట్టి పరీక్షించారు. 50 సెంటీమీటర్ల గోడలున్న మట్టి ఇటుకల గదిలో రాత్రింబవళ్ళు 21 నుండి 23 డిగ్రీలే. 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకల గదిలో 36 డిగ్రీల వరకు పెరిగింది, అనగా బయటి గాలికన్న 9 డిగ్రీలు అధికం! చెట్టుకింద చదువుకొన్నా ఆ గదికన్న మేలేనన్నమాట. దళసరి మట్టిగోడ పగటి వేడిని మెల్లగా లోనికి పీల్చును. అది అవతలికి చేరేలోపుననే చల్లని రాత్రి వచ్చును.

గుర్నా కథను వివరించిన ఆయన గ్రంథం 1969లో కైరోలోను, 1973లో చికాగోలోను వెలువడింది. అప్పుడుగాని లోకం ఆయనను గుర్తించలేదు. 1980లో ఆగాఖాన్ అధ్యక్ష పురస్కారం లభించింది. అదే యేడు, ఎనుబదవ పడిలో, నూబియా పనివారిని వెంటబెట్టుకొని అమెరికాలోని న్యూమెక్సికోకు వెళ్ళి, అబికియూలో మస్జిదు, మదరసా పనికి పూనుకొన్నారు. బడితో మొదలైన ఆ చేయి వార్ధక్యంలోనూ బడినే కడుతున్నది. 1989 నవంబరు 30న ఆయన కైరోలో కన్నుమూశారు.