ఇంటిలోనే చదువుకొన్న భండారు అచ్చమాంబగారు

ఈ శతాబ్ది సంచికకు స్త్రీవిద్యను గూర్చి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మన మిషను పాఠశాలల చరిత్ర వ్రాయవలెనని మొదట తలంచితిని. ఆ చరిత్రను వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. కనుక ఎన్నడూ బడి గడప తొక్కకుండ, ఇంటి నాలుగు గోడల మధ్యనే చదువు నేర్చి తెలుగునాట పేరుపొందిన ఒక స్త్రీని గూర్చి వ్రాయుటకు పూనుకొంటిని. ఆమె మన సంఘమునకు చెందినది కాదు. అయినను ఆమె జీవితము మన ఇండ్లలోని తలిదండ్రులు తెలిసికొనదగినది.

భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణాజిల్లా నందిగామకు సమీపములోని పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. ఆమెకు ఆరేండ్ల వయస్సున తండ్రి చనిపోయినారు. అప్పటికి తమ్ముడు లక్ష్మణరావుకు మూడేండ్లు. తరువాతి కాలములో చరిత్ర పరిశోధకుడుగాను, విజ్ఞానచంద్రికా మండలి స్థాపకుడుగాను ప్రసిద్ధికెక్కిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు ఈయనే.

పదేండ్లకే అచ్చమాంబగారికి వివాహమైనది. భర్త భండారు మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. తెలుగు మాట వినిపించని నాగపూరు ప్రాంతమునకు ఆమె కాపురమునకు వెళ్లారు. చదువు ఏమియు లేదు. ఆ రోజులలో అది వింతయు కాదు. 1901 జనాభా లెక్కలలో సయితము దేశము మొత్తముమీద చదువు వచ్చిన స్త్రీలు వెయ్యికి 10 మంది లేరు. ఆడపిల్లకు అక్షరములు వచ్చినయెడల కుటుంబమునకు కీడు కలుగునని నమ్మిన ఇండ్లు అనేకము.

తండ్రిలేని తమ్ముడిని, తల్లిని ఆమె తనయొద్దకు పిలిపించుకొన్నారు. భువనగిరిలో ఓనమాలు దిద్దిన లక్ష్మణరావుగారికి నాగపూరులో పై చదువు సాగినది. అక్కడినుండియే అక్కగారి చదువు మొదలైనది. బడికి వెళ్లినవాడు తమ్ముడు. ఇంటికి చేరిన చదువు ఇద్దరిది. వయస్సున మూడేండ్లు చిన్నవాడు గురువు, సంసార భారము మోయుచున్న పెద్దది శిష్యురాలు. ముందు తెలుగు, హిందీ, తరువాత తమ్ముడు బడిలో నేర్చుచున్న మరాఠీ కూడ ఆమెకు పట్టువడినవి. పోను పోను ఇంగ్లీషు, బెంగాలీ, గుజరాతీ, కొంత సంస్కృతము కూడ నేర్చుకొన్నారు. వీనిలో దేనికిని పరీక్ష లేదు, పట్టము లేదు.

ఆ కాలపు చదువుకొన్న స్త్రీల జీవితములు చూచినయెడల గురువు సాధారణముగా భర్తయో, తండ్రియో అయి ఉండును. పూనాలో మహాదేవ గోవింద రానడేగారు 1873లో తాను పెండ్లాడిన బాలికకు తానే చదువు చెప్పి, ఆమెను రమాబాయి రానడేగా లోకమునకు ఇచ్చారు. మరాఠీలోనికి బైబిలు అనువదించిన పండిత రమాబాయి (1858–1922) సంగతి మన స్త్రీల మైత్రి కూటములలో తరచు వినుచునే ఉందుము. ఆమె తండ్రి అనంతశాస్త్రిగారు లోకులకు వెరవక భార్యకు సంస్కృతము నేర్పిరి. ఆ తల్లి కుమార్తెకు నేర్పెను. అచ్చమాంబగారి విషయములో చదువు పైనుండి దిగిరాలేదు. తనకంటె చిన్నవానియొద్ద కూర్చుండి అడిగి తెలిసికొనవలసి వచ్చినది. దానికి ఎంత వినయము కావలెనో, ఎంత ఆకలి ఉండవలెనో, మన ఇండ్లలో అక్కాతమ్ముళ్ల తగవులు తీర్చు తల్లులు ఊహించగలరు.

ఆమెకు ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగి, ఇరువురును చిన్నతనముననే చనిపోయిరి. ఈ దుఃఖమును గూర్చి ఎక్కువ వ్రాయుటకు నా కలము సాగదు. పాదిరిగా అటువంటి ఇండ్లకు ఎన్నిసార్లు వెళ్లినను చెప్పవలసిన మాట దొరకదు. ఆమె మాత్రము ఆ పిమ్మట అనాథ బాలలను తన ఇంట నుంచుకొని చదివించారు. తమ్ముడు తనకు చేసినది తాను పరాయి పిల్లలకు చేసిరి.

ఆమె వ్రాసిన గొప్ప గ్రంథము ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. దాని మొదటి భాగమును 1901లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ప్రకటించారు. మన దేశ చరిత్రలో నిలిచిన రాణులు, విదుషీమణులు, కవయిత్రుల జీవితములను అనేక భాషల గ్రంథములు వెదకి ఆమె సమకూర్చారు. స్త్రీలు పుట్టుకతోనే బలహీనులు, తెలివిలేనివారు అను వాదము ఒకటి. వారికి చదువు, స్వేచ్ఛ ఇచ్చినయెడల చెడిపోవుదురు, సంసారము పాడగును అను వాదము మరియొకటి. ఈ రెండును అబద్ధములని నిజముగా జీవించిన స్త్రీల చరిత్రలతో చూపుట ఆమె ఉద్దేశము. వాదించుట సులభము, సాక్ష్యము కూర్చుట కష్టము. ఆమె కష్టమైనదే ఎన్నుకొన్నారని నా అభిప్రాయము. తరువాతి భాగములలో వేద పురాణ కాలముల స్త్రీలను గూర్చియు, విదేశ స్త్రీలను గూర్చియు వ్రాయదలచారు.

‘తెలుగు జనానా’, ‘హిందూ సుందరి’ పత్రికలకు ఆమె వ్యాసములు, కథలు పంపుచుండిరి. 1902లో ‘హిందూ సుందరి’లో వచ్చిన ‘ధన త్రయోదశి’ కథలో, పండుగనాడు లేమిచే శోధనలో పడి యజమాని సొమ్ము ఆశించిన భర్తను భార్య నిలువరించును. తెలుగులో మొదటి ఆధునిక కథ 1910 నాటి గురజాడవారి ‘దిద్దుబాటు’ అని చాలకాలము పాఠ్యపుస్తకములు చెప్పినవి. అచ్చమాంబగారి కథలు అంతకు ఎనిమిది, తొమ్మిదేండ్లు ముందువని పరిశోధకులు తరువాత ఎత్తిచూపిరి. బడికి వెళ్లని ఆమె కథలను బడిపుస్తకములు మరచుట చిత్రమే!

1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బందరులో ‘బృందావన స్త్రీ సమాజము’ను స్థాపించారు. మరుసటి ఏడు ఆంధ్రదేశములో పలు తావులు తిరిగి స్త్రీల సభలలో మాటలాడారు.

ఈ మధ్య కొందరు తలిదండ్రులు నాయొద్దకు వచ్చి, పిల్లలను బడి మాన్పించి ఇంటియొద్దనే చెప్పుకొనవచ్చునా అని అడుగుచున్నారు. ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేయుచు 2009లో చట్టము వచ్చినది. అచ్చమాంబగారికి అటువంటి హక్కు ఏదియు లేదు. ఇల్లు ఆమె ఎన్నుకొన్న బడి కాదు, మిగిలిన ఒకే దారి. కనుక ఆమె పేరు చెప్పి ఆడపిల్లను బడి మాన్పించువారితో నేను ఏకీభవించను. అయితే ఇంటిచదువు తక్కువదని కూడ అనను. తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే మొదటి గురువులు గదా. సంచి పట్టుకొని ఇంటింటికి తిరిగి, బయటికి రాలేని స్త్రీలకు వంటయింటి గుమ్మమునొద్ద అక్షరములు నేర్పిన బైబిలు స్త్రీలు మన పెద్దలకు తెలిసినవారే. నేను ఇండ్లు దర్శించునప్పుడు మాత్రము ఒకటి చూచుచుందును: సాయంకాలము కొడుకు పుస్తకము ముందుంచుకొని కూర్చుండగా, కూతురు పంపు యొద్ద బిందెలతో నిలిచియుండును. వారిరువురు ఒకే దీపము క్రింద కూర్చుండునట్లు చేయుటకు చట్టముతో పని లేదు.

లక్ష్మణరావుగారు మునగాల సంస్థాన దివానుగా పనిచేసిరి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము ఏర్పడుటలో ఆయన ముఖ్యులు. అదే ఉద్యమ ఫలముగా 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయము వెలసినది. అక్కకు చదువు చెప్పినవాడు నైజాము ప్రజలందరికిని పుస్తకములు అందించు పనికి పూనుకొనెను.

ఆ మరుసటి ఏడు, 1905 జనవరి 18న, అచ్చమాంబగారు కన్నుమూసిరి. అప్పటికి ఆమెకు ముప్పదియేండ్లు. తలపెట్టిన గ్రంథము పూర్తి కాలేదు. ఇతర దేశముల స్త్రీలను గూర్చి వ్రాయదలచిన భాగము వ్రాయకయే మిగిలినది.