జార్జి వాషింగ్టన్ కార్వర్

వేరుసెనగకాయలు ఒలిచిన పిమ్మట పప్పును దాచుకొందుము. పొట్టును పొయ్యిలో వేయుదుము, లేదా పెంటకుప్పపై పారవేయుదుము. పత్తి ఏరిన పిమ్మట చేనిలో మిగిలిన కట్టెను పీకి తగులబెట్టుదుము. ఇట్లు పారవేయబడు వస్తువులలో గూడ మానవునకు పనికివచ్చు పదార్థములు దాగియున్నవని నమ్మి, ఆ నమ్మకమును నిరూపించుటకై జీవితమును ధారవోసిన మహనీయుడు జార్జి వాషింగ్టన్ కార్వర్. ఆయన పుట్టుకచే బానిస, కృషిచే శాస్త్రవేత్త.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిస్సోరి రాష్ట్రమున, డైమండ్ అను గ్రామమునకు సమీపమున, మోజెస్ కార్వర్ అను రైతు ఉండెను. అతని యింట బానిసగా నున్న మేరీ అను నల్లజాతి స్త్రీకి సుమారు 1864వ సంవత్సరమున జార్జి జన్మించెను. బానిసల బిడ్డలు పుట్టిన దినమును వ్రాసియుంచువారు అరుదు. కావున ఆయన జన్మదినము ఎవ్వరికిని తెలియదు. శిశువుగా నున్నపుడే దుండగులు కొందరు తల్లిని, బిడ్డను అపహరించుకొని పోయిరి. మోజెస్ వారిని వెదకుటకు ఒక మనిషిని పంపెను. బిడ్డ దొరికెను, తల్లి జాడ మాత్రము ఎన్నడును తెలియరాలేదు. బిడ్డను తెచ్చినవానికి మోజెస్ ఒక గుఱ్ఱము నిచ్చెనని చెప్పుదురు.

1865లో బానిసత్వము రద్దయ్యెను. మోజెస్ దంపతులు జార్జిని, అతని అన్న జిమ్‌ను తమయొద్దనే యుంచుకొని పెంచిరి. జార్జి మిక్కిలి దుర్బలుడు. పొలము పనికి పనికిరాకపోయెను. అందుచే మోజెస్ భార్య సూసన్‌కు తోడుగా ఇంటనుండి వంట, బట్టలుతుకుట, కుట్టుపని నేర్చుకొనెను. తీరిక చిక్కినప్పుడు అడవిలో తిరిగి మొక్కలను తెచ్చి నాటెడివాడు. వాడిపోయిన మొక్క అతని చేతిలో తిరిగి చిగిర్చెడిది. ఇరుగుపొరుగువారు అతనిని మొక్కల వైద్యుడని పిలువసాగిరి. కాని ఊరి బడిలో నల్లవారి పిల్లలకు ప్రవేశము లేదు. చదువుపై మక్కువచే బాలుడు ఇల్లు విడిచి, కొన్ని మైళ్ల దూరమున నున్న నియోషో పట్టణమునకు నడచిపోయెను. అచ్చట మరయా వాట్కిన్స్ అను చాకలిపని చేయు తల్లి అతనికి ఆశ్రయ మిచ్చెను. ఇంటిపనులు చేయుచు, మిగిలిన వేళ బడికి పోవుచు అతడు చదువుకొనెను.

పిమ్మట అనేక సంవత్సరములు కాన్సస్ రాష్ట్రమున ఊరూర తిరిగి, వంటచేసియు, బట్టలుతికియు ఉన్నత పాఠశాల విద్యను ముగించెను. ఒక కళాశాల ఉత్తరము ద్వారా ప్రవేశ మిచ్చి, తీరా వచ్చిన యువకుని మేనిరంగు చూచి త్రోసిపుచ్చెను. ఆ అవమానమునకు అతడు క్రుంగెనేకాని చదువును విడువలేదు. 1890లో అయోవా రాష్ట్రమున సింప్సన్ కళాశాలలో చేరి చిత్రలేఖనము నభ్యసించెను. మొక్కలపై అతనికిగల ప్రజ్ఞను గుర్తించిన చిత్రలేఖనోపాధ్యాయిని ఎట్టా బడ్, వ్యవసాయశాస్త్రము చదువుమని ప్రోత్సహించెను. 1891లో ఏమ్స్ నగరమునందలి వ్యవసాయ కళాశాలలో అతడు మొదటి నల్లజాతి విద్యార్థిగా చేరి, 1894లో పట్టమును, 1896లో ఉన్నతపట్టమును పొందెను.

ఆ యేడే బుకర్ టి. వాషింగ్టన్ అను నల్లజాతి నాయకుడు, అలబామా రాష్ట్రమున తాను నడుపుచున్న టస్కీగీ విద్యాలయమునకు రమ్మని కార్వర్‌ను ఆహ్వానించెను. ఆయన వెళ్లి చూడగా ప్రయోగశాల లేదు, పరికరములు లేవు. విద్యార్థులచే చెత్తకుప్పలనుండి సీసాలను, పాతపాత్రలను ఏరించి, వానితోనే ప్రయోగశాలను సమకూర్చెను. పనికిరానిదని పారవేసిన వస్తువునకు పని కల్పించుట అచ్చటనే ఆరంభమయ్యెను.

ఆ ప్రాంతమున రైతులు ఏటేట పత్తినే వేయుచుండుటచే నేల నిస్సారమైపోయెను. నల్లవారిలో పెక్కుమంది కౌలుదారులు; అప్పులలో మునిగినవారు; ఎరువు కొనలేనివారు. కార్వర్ వారికి వేరుసెనగ, అలసంద వంటి కాయధాన్యములను వేయుడని బోధించెను. ఈ మొక్కల వేళ్లయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు బలము చేకూర్చును. కుళ్లిన ఆకులే ఎరువని ఆయన చెప్పెను. పాఠశాలకు రాలేనివారి కొరకు 1906లో ఒక బండిని సిద్ధపరచి, పనిముట్లతోడను విత్తనములతోడను పల్లెలకు పంపు ఏర్పాటు జరిగెను. కొలది సంవత్సరములకు ముక్కుపురుగు పత్తిచేలను నాశనము చేయగా, ఆయన మాటల విలువ రైతులకు తెలిసివచ్చెను.

కాని పంట పండిన చాలదు. దానికి గిరాకి యుండవలెను. అందుచే కార్వర్ వేరుసెనగనుండి పాలు, సిరా, రంగులు మొదలగు వస్తువులను తయారుచేసెను. చిలగడదుంపనుండి పిండిని, జిగురును తీసెను. ఆయన దృష్టి అంతటితో ఆగలేదు. పొట్టునందును కట్టెయందును ముఖ్యముగా నుండునది నారపదార్థము. దానిని మెత్తగా నలుగగొట్టి, బంకతో కలిపి, గట్టిగా నొత్తినచో పలక యగును. ఇట్లు వేరుసెనగపొట్టునుండి గోడలకు పనికివచ్చు పలకలను, పత్తికట్టెనుండి కాగితమును, రంపపుపొట్టునుండి కృత్రిమమైన పాలరాతిని తయారుచేయుటకు ఆయన ప్రయోగములు సలిపెను. 1921లో అమెరికా శాసనసభాసంఘము ఎదుట వేరుసెనగనుగూర్చి చెప్పుటకు ఆయనకు పది నిమిషములు మాత్రమే ఇచ్చిరి. విన్నకొలది ఆసక్తి పెరిగి, ఆ గడువును సభ్యులే పొడిగించిరి. నల్లవారు రైలులో వేఱు పెట్టెలో కూర్చుండవలసిన కాలమది.

వేరుసెనగనుండి ఆయన సుమారు మూడువందల వస్తువులు చేసెనని ప్రసిద్ధి. అందు పెక్కు ఒకదానికొకటి పోలినవే. అంగడికెక్కినవి మిక్కిలి తక్కువ. ఆయన పొందిన పేటెంట్లు మూడు మాత్రమే. ఐనను, పొలము కర్మాగారమునకు ముడిసరకు నీయగలదను భావమును జనుల మనస్సులలో నాటినవారిలో ఆయన ముఖ్యుడు. మోటారుకార్ల నిర్మాత హెన్రీ ఫోర్డ్ ఈ భావమును మెచ్చి ఆయనకు మిత్రుడయ్యెను. నేడు చెఱకుపిప్పినుండి కాగితమును, పంటల వ్యర్థములనుండి పలకలను అనేక దేశములలో చేయుచున్నారు.

కార్వర్ వివాహమాడలేదు, ధనమును కోరలేదు. పాతకోటు తొడిగి, దానిపై ఒక పువ్వు గ్రుచ్చుకొని తిరిగెడివాడు. గాంధీమహాత్మునకు ఆహారవిషయమై సలహాలు పంపెను. కూడబెట్టిన ధనమును పరిశోధనల కొరకు 1940లో స్థాపించిన సంస్థకు ధారవోసెను. 1943 జనవరి 5వ తేదీన టస్కీగీలో కన్నుమూసెను. ఆయనను బుకర్ వాషింగ్టన్ సమాధి ప్రక్కనే సమాధి చేసిరి.

ఆ సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము, డైమండ్ గ్రామమువద్ద ఆయన జన్మించిన క్షేత్రమును జాతీయ స్మారకముగా ప్రకటించెను. ఒకనాడు ఒక బానిసబాలుని విలువ ఒక గుఱ్ఱమని లెక్కించిన నేలయే, నేడు ఆయన పేర వెలయుచున్నది.