282 మార్కులతో మొదలైన చదువు

ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లోనూ డా. బి.ఆర్. అంబేద్కర్ గారి ఫొటో ఉంటుంది. ఏప్రిల్ 14న దండ వేస్తాం. ఆయన డిగ్రీలన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తాం. అవి వింటుంటే ఆయన చిన్నప్పటి నుంచీ క్లాస్ ఫస్టే అయి ఉంటారనిపిస్తుంది. కానీ మెట్రిక్యులేషన్‌లో అంబేద్కర్ గారికి వచ్చినవి 750కి 282 మార్కులు. అంటే 38 శాతం కూడా లేవు. రిజల్ట్స్ చూసుకుని, ఇక చదువు మనవల్ల కాదని పెట్టె సర్దుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతి తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

అంబేద్కర్ గారు 1891 ఏప్రిల్ 14న మహూలో, మహార్ కుటుంబంలో జన్మించారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే చనిపోయారు. సతారా బడిలో మిగతా పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవాలి. దాహమైతే కుండ ముట్టుకోకూడదు. తర్వాత కుటుంబం బొంబాయి వెళ్లి, పరేల్‌లో మిల్లు కార్మికులుండే చోట ఒకే గదిలో కాపురం పెట్టింది. వంట, పడక, చదువు అన్నీ ఆ గదిలోనే. అందుకే తండ్రి కొడుకును సాయంత్రమే పడుకోబెట్టి, అందరూ నిద్రపోయాక రాత్రి 2 గంటలకు లేపి చదివించేవారు. పుస్తకాలకు డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల దగ్గర నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. హైస్కూల్లో సంస్కృతం తీసుకుంటానంటే ఆ కులానికి చెప్పమన్నారు. ఇష్టం లేకున్నా పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1907లో వచ్చిన 282 మార్కుల వెనుక ఇంత కథ ఉంది.

మార్కులు చూసి ఆయన వాళ్లెవరూ బాధపడలేదు. సభ పెట్టి సన్మానం చేశారు. ఆ సభకు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు వచ్చారు. ఆయన మరాఠీ రచయిత కూడా. తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆ కుర్రవాడికి బహూకరించారు.

ఆ రోజుల్లో మెట్రిక్యులేషన్ అంటే బొంబాయి విశ్వవిద్యాలయం జరిపే ప్రవేశ పరీక్షే. పాసైతే కాలేజీలో చేరే అర్హత వచ్చినట్టే. ఆ అర్హతతోనే 1908లో అంబేద్కర్ ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో అడుగుపెట్టారు. ఇంటర్ అయ్యేసరికి తండ్రి దగ్గర డబ్బులు అయిపోయాయి. మార్కులతో గట్టెక్కినా ఫీజు దగ్గర ఆగిపోయే పరిస్థితి. అప్పుడు కేలూస్కర్ గారు ఆయనను వెంటబెట్టుకుని బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకెళ్లారు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ మంజూరైంది. ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు, బట్టలు ఇచ్చి ఆదుకున్నారు. 1912లో అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రాలతో బి.ఏ. పాసయ్యారు.

1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. అదే ఏడాది, చదువయ్యాక 10 ఏళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలన్న ఒప్పందంతో గైక్వాడ్ స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో ఎం.ఏ. పూర్తిచేశారు. మెట్రిక్‌కూ దీనికీ మధ్య ఎనిమిదేళ్లు.

1916లో లండన్ వెళ్లారు. కొలంబియా ప్రొఫెసర్ సెలిగ్‌మన్ లండన్‌లోని ప్రొఫెసర్ ఫాక్స్‌వెల్‌కు ఉత్తరం రాసి ఆయనను పరిచయం చేశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సీటు దొరికింది గానీ 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి పూర్తి చేసుకునేందుకు విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకుని మరీ వచ్చారు. బరోడాలో ఉద్యోగంలో చేరితే కులం కారణంగా ఉండడానికి ఇల్లు దొరకలేదు. బొంబాయి తిరిగొచ్చి 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి జీతంలో డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం చేశారు. మిత్రుడు నవల్ భతేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చారు. 1920లో మళ్లీ లండన్ చేరి 1921లో ఎం.ఎస్సీ. సాధించారు.

ఇంకో దెబ్బ మిగిలే ఉంది. రూపాయి సమస్యపై రాసిన డి.ఎస్సీ. థీసిస్‌ను 1922 అక్టోబరులో సమర్పిస్తే, మార్చి 1923లో మార్చి రాయమన్నారు. బొంబాయి వచ్చి తిరగరాసి ఆగస్టులో పంపారు. నవంబరులో డి.ఎస్సీ. ఇచ్చారు.

ఇంత కష్టపడి ఎదిగిన మనిషి తర్వాత ఏం చేశారన్నది మనకు మరీ ముఖ్యం. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. 1925లో ఆ సభ షోలాపూర్‌లో మన పిల్లల కోసం ఒక హాస్టల్ తెరిచింది. వైస్రాయ్ కౌన్సిల్ సభ్యునిగా ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలని పట్టుబట్టారు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం 1944లో మొదలైంది. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాద్‌లో మరో కాలేజీ పెట్టారు. 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. 1956 డిసెంబరు 6న కన్నుమూశారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఏ అప్లికేషన్ ఎక్కడ దొరుకుతుందో, కౌన్సెలింగ్‌కి ఏ సర్టిఫికెట్లు పట్టుకెళ్లాలో మా అమ్మానాన్నలకు తెలియదు. హాస్టల్ అన్నలే చెప్పారు. అంబేద్కర్ గారికి కేలూస్కర్ ఎలాగో మనకు సీనియర్లు అలాగ. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మార్కులు తగ్గితే మార్కుల మెమో దాచేసి ఇంటికి వెళ్లిపోకండి. అది పట్టుకుని ఒక సీనియర్ దగ్గరకో, వార్డెన్ గారి దగ్గరకో వెళ్లండి. ఏ కాలేజీలో సీటుందో, ఆఖరి తేదీ ఎప్పుడో అడగండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. రిజల్ట్స్ వచ్చిన వారంలో ఒక్కసారి హాస్టల్‌కు వచ్చి వెళ్లండి. పాసైన వాళ్లను అడగకుండానే వచ్చి అభినందిస్తారు. మూల కూర్చున్నవాడి దగ్గరకు మాత్రం మనమే నడిచి వెళ్లాలి.