పని పంచిన కాపరి

శ్రీనగర్ కాలనీ, ఫిలింనగర్ ప్రాంతాల్లో ఉండే మనకు సినిమా ఎలా తయారవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కెమెరా ఒకరిది, ఎడిటింగ్ ఒకరిది, దుస్తులు ఒకరివి. 24 శాఖల పనినీ దర్శకుడే నెత్తిన వేసుకుంటే ఆ సినిమా విడుదల కాదు. అదే ఆదివారం ఆలయానికి వచ్చేసరికి ప్రసంగం, రోగుల పరామర్శ, కానుకల లెక్క, చివరికి మైకు సెట్టు కూడా కాపరికే వదిలేస్తాం. కొందరు నాయకులకూ అదే ఇష్టం. ఎవరికైనా అప్పగిస్తే చెడగొడతారని భయం. మోషేకు ఈ సంగతి మామ యిత్రో చెప్పాల్సి వచ్చింది (నిర్గమకాండము 18). మన తెలుగు నేల మీద దాన్ని చేసి చూపినవాడు దోర్నకల్ బిషప్ అజరయ్య.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లె కాపరికి జన్మించాడు. వైఎంసీఏలో సేవ చేస్తూ 1903లో తిరునెల్వేలి మిషనరీ సంఘం, 1905లో జాతీయ మిషనరీ సంఘం స్థాపనలో ముందు నిలిచాడు. ఇతరులను పంపిన ఆ మనిషి 1909లో తానే మిషనరీగా నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లో భారతీయులను సహాయకులుగా పెట్టుకోవడమే గాని బాధ్యత ఇవ్వడం అరుదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన ఈ మాటే మొహమాటం లేకుండా చెప్పాడు. విదేశీ మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, తమకు కావలసింది స్నేహమని అడిగాడు. కొందరికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. వద్దన్నవారిలో తెల్లవారే కాదు, భారతీయ క్రైస్తవులూ ఉన్నారు.

తనను నమ్మడానికి లోకం ఇంత తటపటాయిస్తే, మరి ఆయన ఎవరిని నమ్మాడు? మనం ఆగి చూడవలసిన చోటు ఇదే. ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెవాసులు. చాలామందికి అక్షరం రాదు, సెంటు భూమి లేదు. పదిమందిలో నోరెత్తనిచ్చినవారు లేరు. ముందు వీళ్లకు చదువు రానివ్వండి, పని తర్వాత ఇద్దాం అని ఎవరైనా అంటారు. అజరయ్య చదువు చెప్పించాడు గాని, అంతదాకా పని ఆపలేదు. ఊళ్లకు వెళ్లినప్పుడు బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికించేవాడు. ఏటేటా ఒక సాక్ష్య వారం పెట్టించాడు. ఆ వారం కూలి పని చేసుకునేవారే జట్లుగా పక్క ఊళ్లకు వెళ్లి సాక్ష్యం చెప్పేవారు. బోధకులకు శిక్షణ ఇస్తే వారి భార్యలకూ ఇప్పించాడు. పల్లెలో ఆడవాళ్ల మధ్య పని ఆమెదే మరి! కానుకల సంగతీ అంతే. వంటకు తీసిన బియ్యంలో పిడికెడు ప్రభువుకు తీసిపెడితే నిరుపేద తల్లికి కూడా సంఘంలో వాటా ఉన్నట్టే.

1924 నాటికి ఆ డయోసిస్‌లో ఇంగ్లీషు గురువులు 8 మంది, భారతీయ గురువులు 53 మంది. 1935 నాటికి పల్లె ఉపాధ్యాయులే 2,000 మందికి పైగా ఉన్నారు.

అప్పగించి ఊరుకున్నాడనుకోకండి. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగి చూసుకునేవాడు. క్రమశిక్షణలో కఠినుడు, ఆయనతో వేగడం అందరికీ తేలిక కాలేదు. మన కమిటీల్లో ఏం జరుగుతుంది? సండేస్కూలు ఒకరికి ఇస్తాం, రెండో వారంలో లోపం కనబడగానే వెనక్కి లాక్కుంటాం. లేదంటే ఏడాది దాకా అటు తొంగి చూడం. అజరయ్య ఈ రెండు పనులూ చేయలేదు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. కాని 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడిన సంఘాల ఐక్యతను మాత్రం ఆయన చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ పనిని ఇతరులు ముగించారు.