ఆ నాలుగెకరాలు ఐలమ్మవే

గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నారా? అయితే చాకలి ఐలమ్మ పేరు మీకు కొత్త కాదు. సాయుధ పోరాటం పాఠంలో ఒక బిట్‌గా చదివి పేజీ తిప్పేసి ఉంటారు. ఒక్కసారి ఆమెను కౌలు రైతుగా చూడండి.

1895లో వరంగల్ జిల్లా కిష్టాపురంలో పుట్టి, పాలకుర్తికి కోడలిగా వచ్చింది. కులవృత్తి బట్టలు ఉతకడం. దానికి తోడు దొరల గడీల్లో వెట్టి, అంటే కూలి లేని చాకిరీ. అందులోంచి బయటపడాలంటే సొంతంగా సాగు చేయాల్సిందే అనుకుంది. మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకుని నాలుగెకరాలు సాగులోకి తెచ్చారు.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అది కంటగింపైంది. పైగా ఆమె ఆంధ్ర మహాసభలో చేరింది. ఊళ్లో దాన్ని సంఘం అనేవాళ్లు. భర్త మీద, కొడుకుల మీద కేసులు పెట్టించి జైలుకు పంపించాడు. అయినా ఆమె పొలం వదల్లేదు, సంఘం మీద నమ్మకమూ వదల్లేదు. పంట కోతకొచ్చాక దేశ్‌ముఖ్ మనుషులు చేలో దిగారు. సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి తరిమేశారు. ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది.

ఆ తర్వాత ఆమె ఇల్లు తగలబెట్టారు. భూమిని మాత్రం లాక్కోలేకపోయారు.

1985 సెప్టెంబరు 10న ఐలమ్మ కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది.