మేడమ్ క్యూరీ – ఫాస్ఫేట్ ఖనిజం చూపిన దారి

మేడమ్ క్యూరీ 1867 నవంబరు 7న పోలండ్‌లోని వార్సా నగరంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. ఇతరుల ఇళ్లలో పిల్లలకు చదువు చెబుతూ, పారిస్‌లో డాక్టరు చదువుతున్న అక్కకు డబ్బు పంపారు. 1891లో తానూ పారిస్ చేరారు. చలికి వణుకుతూ, అర్ధాకలితో చదివి 1893లో భౌతికశాస్త్రంలో ప్రథమస్థానం సాధించారు.

1898లో యురేనియం ఖనిజాల కిరణాలను కొలిచారు. చాల్కొలైట్ అనే ఫాస్ఫేట్ ఖనిజంలో యురేనియం కంటే దాదాపు రెట్టింపు శక్తి కనిపించింది. అదే ఖనిజాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూస్తే అంత శక్తి లేదు. అంటే సహజ ఖనిజంలో మరేదో మూలకం దాగి ఉందన్నమాట! భర్త పియరీతో కలిసి ఆ ఏడాదే పొలోనియం, రేడియంలను కనుగొన్నారు. 1903లో, 1911లో నోబెల్ బహుమతులు అందుకున్నారు.

ఏ రక్షణా లేకుండా రేడియంతో ఏళ్ల తరబడి పనిచేశారు. 1934 జూలై 4న అప్లాస్టిక్ ఎనీమియాతో మరణించారు. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అందుకే ఆమె నోటుపుస్తకాలను నేటికీ సీసపు పెట్టెల్లో భద్రపరుస్తున్నారు.

అణువిద్యుత్ కేంద్రాల వ్యర్థాలతోనూ ఇదే సమస్య. వాటిని వేల ఏళ్లు ఎందులో దాచాలి? మన భీమునిపట్నం ఇసుకలో దొరికే మోనజైట్ కూడా ఫాస్ఫేట్ ఖనిజమే. అది థోరియంను కోట్ల ఏళ్లుగా తనలో పట్టి ఉంచింది. నీటిలో దాదాపు కరగదు. కిరణాల దెబ్బకు చెదిరినా దాని స్ఫటికం తిరిగి కుదురుకుంటుంది. అందుకే కృత్రిమ మోనజైట్‌లో అణువ్యర్థాలను బంధించడంపై శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నారు.

మిత్రులారా! ఆ తల్లికి దక్కని రక్షణను రాబోయే తరాలకు అందించే పని, సైన్సు చదివే మనదే.